సాయన్న కాలా, బండి బ్రేకా

సాయన్నకు "ఎందుకు?" అని అడిగే జబ్బు ఉండేది. జబ్బు అన్న మాట నాది కాదు, అతని భార్య యాదమ్మది. పొయ్యి పొగ పెడితే కట్టె పచ్చిదని సరిపెట్టుకోక, గాలి ఎటు నుంచి వస్తోందో చూస్తానని ఇంటి చుట్టూ తిరిగేవాడట. కోడి గుడ్డు పెట్టడం మానేస్తే పొద్దంతా దాని వెనకే తిరిగి, దొంగతనంగా ఎక్కడ పెడుతోందో కనుక్కొని గానీ ఇంటికి వచ్చేవాడు కాదట. "గీయన బువ్వ తినేటప్పుడు గూడ మెతుకును అడుగుతడు, నువ్వెందుకు ఉడుకలే అని" అంటూ ఆమె నలుగురిలో ఆటపట్టించేది. సాయన్న నవ్వి ఊరుకునేవాడు తప్ప బుద్ధి మార్చుకోలేదు.

పుట్టింది న్యాల్‌కల్ దాటాక ఒక చిన్న పల్లెలో. తండ్రి ఒక ఆసామి దగ్గర జీతం ఉండేవాడు. సాయన్న మీసాలు వచ్చీరాకముందే బొంబాయి రోడ్డు మీద లారీలెక్కి, షోలాపూర్ దాకా, పుణె దాకా తిరిగి, తిట్లు తిని బండి నేర్చుకున్నాడు. లైసెన్సు చేతికొచ్చి, యాదమ్మ ఇంటికొచ్చాక, పొద్దుగూకేసరికి ఇల్లు చేరే పని కావాలనిపించింది. డెబ్బై మూడులో జహీరాబాద్ వచ్చి జగన్‌మోహన్ దగ్గర పికప్ డ్రైవరుగా కుదిరాడు. అక్కడే పదిహేనేళ్లకు పైగా, ఆ బండి పాత ఇనుము కింద పోయేదాకా ఉన్నాడు.

జగన్‌మోహన్‌కు ఝరాసంగం వైపు భూములు, జహీరాబాద్‌లో ఇల్లు, గింజల మార్కెట్టైన గంజ్‌లో కందులు, పెసళ్లు, కుసుమలు కొనే కొట్టు ఉండేవి. మనిషి చెడ్డవాడు కాదు, నోరు మాత్రం మహా దురుసు. కోపం వస్తే ముందు నోరు బయలుదేరేది, ఆలోచన వెనకాల నడుచుకుంటూ వచ్చేది. ఒక్కోసారి అసలు వచ్చేదే కాదు.

ఇక బండి. ముందు జీపు మూతి, వెనక చెక్కల తొట్టి. జగన్‌మోహన్ వేలంలో పాడి తెచ్చేనాటికే అది ముసలిది. దాని రంగు ఒకప్పుడు ఆకుపచ్చ అని ఆయన చెప్పేవాడు, చూసినవాళ్లకు నమ్మకం కుదిరేది కాదు. పల్లెల నుంచి గంజ్‌కు గింజల బస్తాలు, గంజ్ నుంచి పల్లెలకు ఎరువుల బస్తాలు మోయడం దాని పని. ముందు సీటులో డ్రైవరు పక్కన ఒక్కరికే చోటు. ఆ చోటు జగన్‌మోహన్‌ది. హమాలీలు వెనక తొట్టిలో కమ్మీ పట్టుకుని నిలబడేవారు.

సాయన్న జీవితంలో ఒక మచ్చ ఉంది. డెబ్బై ఆరు వానాకాలంలో రాయికోడ్ నుంచి వస్తుంటే దిగుడులో ఒక బర్రె అడ్డం వచ్చింది. బర్రె బతికింది, బండి కాలువలో పడింది. వెనకున్న హమాలీ ఒకాయన చెయ్యి విరిగింది. తప్పు బర్రెదే అని అందరూ అన్నారు. సాయన్న గుండె మాత్రం ఒప్పుకోలేదు. ఆ తర్వాత కొన్నాళ్లు అతని కుడికాలు బ్రేకు మీదే ఉండేది. ఖాళీ రోడ్డు మీద కూడా తొక్కేవాడు. "సాయన్న బండి బ్రేకు మీదనే నడుస్తది" అని గంజ్‌లో నవ్వుకునేవారు. కాలం గడిచింది, భయం పోయింది, అలవాటూ పోయింది. పోయిందనే అతను అనుకున్నాడు.

ఈ ముచ్చట డెబ్బై తొమ్మిది దసరా తర్వాతది.

పండుగ అయిన వారానికి జగన్‌మోహన్ ముందు చక్రాలకు కొత్త బ్రేకు లైనర్లు వేయించాడు. పంపుసెట్లు బాగుచేసే ఒక మేస్త్రీ వచ్చి, పాతవి పీకి కొత్తవి బిగించి, గొట్టాల్లోకి చేరిన గాలి పోయేదాకా ముందు చక్రాల దగ్గర బ్రేకు నూనె కార్పించి పోయాడు. వెనక చక్రాల జోలికి పోలేదు. అక్కడ గాలి తీసే చిన్న ముక్కులు తుప్పు పట్టి తిరగలేదు. కొన్నాళ్లు బండి బాగానే నడిచింది. తర్వాత మొదలైంది తంటా.

పొద్దున తీసినప్పుడు బండి తేలిగ్గా పోయేది. ఊళ్లు దాటుతున్నకొద్దీ బరువెక్కేది. ఖాళీ తొట్టితో కూడా చిన్న ఎత్తుకు రెండో గేరు అడిగేది. దిగుడులో గేరు తప్పించి వదిలితే దొర్లాల్సిన బండి, మొండికేసిన ఎద్దులా నిలబడిపోయేది. దిగి చూస్తే ముందు చక్రాల నుంచి కాలిన వెంట్రుకల కంపు. చక్రాల్లోని బ్రేకు డ్రమ్ముల మీద నీళ్లు చల్లితే చుయ్యిమనేవి. వెనక చక్రాల మీద చెయ్యి పెడితే చల్లగా ఉండేవి. ఇంకో వింత ఏమిటంటే, బండి నీడకు ఆపి, సద్ది తిని, బీడీ తాగి వచ్చేసరికి చక్రాలు వాటంతటవే వదులయ్యేవి. మళ్లీ తేలిగ్గా కదిలేది, మళ్లీ కొంతదూరంలో పట్టేసేది.

ఎందుకు పట్టుకుంటోంది? పట్టుకున్నది ఎందుకు వదులుతోంది? ముందువే ఎందుకు, వెనకవి ఎందుకు కావు? సాయన్నకు అన్నం సయించలేదు. నిజం చెప్పాలంటే, మొదట్లో అతనికి బాధకన్నా ఆసక్తే ఎక్కువగా ఉండేది.

ఆ ఆసక్తిని జగన్‌మోహన్ ఒక్క మాటతో చంపేశాడు. న్యాల్‌కల్ నుంచి కందుల బస్తాలతో బండి ఆలస్యంగా గంజ్ చేరిన రోజు ఆయన ముందుకు వచ్చి, పొగలు కక్కుతున్న చక్రాన్ని చూశాడు. హమాలీలు, రైతులు, చాయ్ కొట్టువాడు అందరూ వింటుండగానే అరిచాడు.

"మల్ల మొదలువెట్టినవా సాయన్నా? బ్రేకు మీద కాలు వెట్టి నడుపుతున్నవు. కొత్త లైనర్లు బూడిద జేస్తివి గదనయ్యా!"

"లేదు పటేలా, నేను కాలు వెడ్తలేను."

"నువ్వు వెట్టకపోతే దయ్యం వచ్చి వెడ్తున్నదా? ఆ బర్రె దుంకిన కాడి నుంచి నీకు పానం భయం వట్టుకున్నది. భయపడేటోడు బండి నడుపొద్దు. రాయికోడ్ రామ్‌కిషన్‌ను రమ్మన్న. సోమవారం సంది తాళం ఆయనకు ఇయ్యి."

హమాలీల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. సాయన్న తల దించుకుని బస్తాలు దింపించాడు. పని పోవడం ఒక ఎత్తు. 'బ్రేకు మీద కాలు తీయలేని పిరికి డ్రైవరు' అన్న పేరుతో పోతే జహీరాబాద్‌లోనే కాదు, ఇటు బీదర్ దాకా ఎవరూ బండి చేతికివ్వరు. ఆ సంగతి అతనికి బాగా తెలుసు.

అంతకంటే పెద్ద పురుగు ఒకటి లోపల తొలవసాగింది. పటేల్ చెప్పింది నిజమేమో? తనకు తెలియకుండానే తన కాలు బ్రేకు మీదికి పోతోందేమో? అప్పట్లో పోయింది కదా. తెలిసి పోయిందా అప్పుడు మాత్రం? మనిషికి తన కాలు ఏం చేస్తోందో తెలియకుండా ఉంటుందా? సాయన్న అరుగు మీద కూర్చుని కుడికాలును ముందుకు చాపి, అది పక్కింటివాళ్ల కాలన్నట్టు చూస్తూ ఉండిపోయాడు.

"ఏందయ్యా, కాలును గట్ల జూస్తున్నవు?" అంది యాదమ్మ.

"ఇది నా మాట ఇంటున్నదా లేదా అని."

"పిచ్చి లేసిందా ఏంది నీకు?"

పిచ్చి లేవలేదు గానీ ఆలోచన లేచింది. మర్నాడు తెల్లవారగానే సాయన్న కంచెలోంచి ఒక తుమ్మముల్లు విరుచుకొచ్చాడు. దాన్ని కురచగా తుంచి, మొన పైకి వచ్చేలా బ్రేకు పెడల్ మీద గుడ్డపీలికతో గట్టిగా కట్టాడు. అతను ఎప్పుడూ చెప్పుల్లేకుండానే బండి నడిపేవాడు. కాలు తెలియకుండా ఆనితే ముల్లే తెలియజేస్తుంది కదా! ఇంత తెలివి ఇంకెవరికైనా వస్తుందో రాదో నాకు తెలియదు, వచ్చినా ఆ పని చేసేవాళ్లు మాత్రం ఉండరు.

అలా న్యాల్‌కల్ వెళ్లి వచ్చాడు. నిజంగా బ్రేకు వేయాల్సి వచ్చినప్పుడల్లా పళ్లు బిగబట్టి తొక్కాడు. మేకల మంద దగ్గర ఒక పోటు, ఎర్రబస్సు ఎదురొచ్చినప్పుడు ఒక పోటు, కల్వర్టు దగ్గర ఇంకో పోటు. ప్రతి పోటుకూ ఒక కారణం ఉంది. ఉత్తపుణ్యానికి పొడుచుకున్నది ఒక్కటీ లేదు. అయినా జహీరాబాద్ చేరేసరికి ముందు డ్రమ్ములు ఎప్పటిలాగే మండిపోతున్నాయి. అరికాలు రక్తంగా ఉంటే సాయన్న ఆ నెత్తుటి కాలు చూసుకుని సంతోషపడ్డాడు.

యాదమ్మ మాత్రం పసుపు అద్ది గుడ్డ కడుతూ ఏడ్చింది. "గా పటేల్ గింత దూరం దెచ్చిండా నిన్ను? పోతే పోనీ ఆ నౌకరి. రెక్కలున్నయ్, కూలికి పోదాం."

"నౌకరి పోతే పోయింది. నా కాలు మంచిది అని తెల్వాలె" అన్నాడు సాయన్న.

జగన్‌మోహన్‌కు ఆ అరికాలు చూపిస్తే ఆయన కాసేపు నోరు తెరిచి చూశాడు. తర్వాత తనదైన పద్ధతిలో, "నువ్వు ముండ్లు గుచ్చుకుంటే బండి బాగైతదా?" అన్నాడు.

"కాదు పటేలా. ఒక్కసారి మల్లికార్జున్ షెడ్డుకు తీస్కపోనీయిన్రి. ఆయన జూసి కాలుదే తప్పు అంటే, నేనే తాళం మీ చేతిల వెట్టి పోత."

"సరే, పా. నేను గూడ వస్త. మీరిద్దరు గల్సి నాకు కథలు జెప్పొద్దు."

మల్లికార్జున్ బీదర్ మనిషి, బొంబాయి రోడ్డు పక్కన రేకుల షెడ్డులో బండ్లు బాగుచేసేవాడు. లారీ డ్రైవర్లు ఆయన్ని ఉస్తాద్ అనేవారు. ఏ ప్రశ్నకైనా వక్క నమిలి మింగితే గానీ జవాబు చెప్పేవాడు కాదు. సాయన్న చెప్పిందంతా విన్నాడు, జగన్‌మోహన్ చెప్పిందీ విన్నాడు. తర్వాత బండి ముందువైపు జాకీ పెట్టి రెండు చక్రాలూ నేల నుంచి లేపాడు.

"సాయన్నా, ఎక్కి బ్రేకు తొక్కు. మల్ల మల్ల తొక్కు. ఆఁ, సాలు. ఇగ దిగు. దిగి దూరం బో."

సాయన్న దిగి వేపచెట్టు దగ్గరికి పోయి నిలబడ్డాడు. మల్లికార్జున్ ముందు చక్రాన్ని రెండు చేతులతో తిప్పబోయాడు. అది కదలలేదు. పళ్లు కొరికి తోస్తే అంగుళం కదిలి ఆగింది.

"పటేలా, మీరు గూడ జర తిప్పుండ్రి."

జగన్‌మోహన్ పంచె ఎగ్గట్టి తోశాడు. చక్రం మొండికేసింది.

"సీట్ల ఎవ్వరు లేరు గద. మరి బ్రేకు మీద ఎవని కాలున్నదప్పా?" అన్నాడు మల్లికార్జున్ తాపీగా.

జగన్‌మోహన్ ఖాళీ సీటు వైపు చూశాడు. వేపచెట్టు కింద సాయన్న మాత్రం ఒక్కసారిగా కూలబడి, మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు. తర్వాత లేచి, ముఖం తుడుచుకుని, ఆ పాత జబ్బుతోనే దగ్గరికి వచ్చాడు. "ఎందుకు పట్టుకున్నది ఉస్తాద్?"

"చూద్దాం ఆగు. లైనర్లు గట్టిగ బిగించిన్రా, లోపట స్ప్రింగు ఇరిగిందా, లేకపోతే నూనెనే నొక్కిపట్టిందా?" మల్లికార్జున్ చక్రం వెనక గాలి తీయడానికి ఉండే చిన్న ముక్కును పానాతో కొంచెం వదులు చేశాడు. నూనె చివ్వున చిమ్మింది. చక్రం గిర్రున తిరిగింది. "అగో! లైనర్లది కాదు, స్ప్రింగుది కాదు. పోయిన నూనె వెనుకకు వస్తలేదు. చక్రం కాడనే ఆగి నొక్కుతున్నది."

ముక్కు బిగించి మళ్లీ బ్రేకు తొక్కించాడు. చక్రం మళ్లీ పట్టేసింది. ఈసారి ఆయన చక్రం దగ్గరికి పోకుండా బానెట్ ఎత్తి, బ్రేకు నూనె బయలుదేరే చోట, మాస్టర్ సిలిండర్ దగ్గర గొట్టాన్ని వదులు చేశాడు. అక్కడ నాలుగు చుక్కలు కారాయి. చక్రం మాత్రం వదల్లేదు.

సాయన్న గొంతుకూర్చుని గొట్టం వెంట చూపు పోనిచ్చాడు. మాస్టర్ దగ్గర తెరిస్తే వదల్లేదు, చక్రం దగ్గర తెరిస్తే వదిలింది. మధ్యలో ఉన్నది ఇనుప గొట్టం, దాని చివర చక్రానికి కలిపే మూరెడు రబ్బరు పైపు. "అయితే దొంగ గీ రబ్బరు పైపుల కూసున్నడు" అన్నాడు.

"పట్టినవు" అన్నాడు మల్లికార్జున్. "కాలుతోటి తొక్కితే నూనె జోరుగ పోతది. వచ్చేటప్పుడు దాన్ని తోసేటోడు లేడు, సన్నగ సన్నగ వస్తది. నువ్వు సద్ది దిని వచ్చేసరికి చక్రం వదులైతున్నదంటే అందుకే."

రెండో చక్రం చూశారు. అదీ అచ్చం అంతే. మల్లికార్జున్ తృప్తిగా వక్క నోట్లో వేసుకున్నాడు. సాయన్నకు మాత్రం తృప్తి లేదు.

"ఉస్తాద్, ఒక పైపు చెడిపోయిందంటే సరే. రెండు ఒక్కసారే ఎట్ల చెడిపోయినయ్? వెనుకది ఎందుకు చెడలే?"

ఆ ప్రశ్నకు మల్లికార్జున్ దవడ ఆగింది. పైపులు రెండూ విప్పి, ఒకదాన్ని బ్లేడుతో నిలువునా కోశాడు. లోపలి రబ్బరు ఉబ్బి, మెత్తబడి, దారి సూది బెజ్జమంత అయింది. తర్వాత బానెట్ కింద ఉన్న బ్రేకు నూనె డబ్బాలోంచి కొంచెం తీసి, కడిగిన చాయ్ గ్లాసులో పోసి వెలుగులో పెట్టాడు. గ్లాసులో కాసేపటికి రెండు పొరలు తేలాయి. కింద బ్రేకు నూనె, పైన పసుపుపచ్చగా ఇంకేదో. వేలు ముంచి వాసన చూశాడు. గ్లాసు జగన్‌మోహన్‌కు ఇచ్చాడు.

"మీరే జూడుండ్రి పటేలా. మీ ఇంట్ల వాసనే."

కుసుమ నూనె. ఝరాసంగం చేలో పండి, గానుగలో ఆడి, డబ్బాలకొద్దీ ఇంటికి వచ్చే సొంత నూనె. జగన్‌మోహన్ దాన్ని వాసన చూడకుండానే గుర్తుపట్టగలడు.

"ఇది డబ్బాల పైన తేలుకుంట ఉండె. లైనర్లు వేసినప్పుడు ఆ మేస్త్రీ ముందు చక్రాల కాడ నూనె కార్పించిండు గద, గప్పుడు డబ్బా అడుగంటి ఇది ముందు పైపులల్లకు గుంజుకపోయింది. వెనుకకు పోలే. వంట నూనె తాకితే గీ రబ్బరు ఉబ్బుతది" అన్నాడు మల్లికార్జున్.

సాయన్న ముఖం వెలిగింది. అన్ని ఎందుకులకూ జవాబు దొరికింది. ఆ వెలుగు నిలిచింది మాత్రం ఒక్క క్షణమే. జగన్‌మోహన్ నోరు ఆలోచనను వదిలేసి మళ్లీ బయలుదేరింది.

"అంటే కాలుది కాదు, చెయ్యిది అన్నట్టు! బ్రేకు నూనె డబ్బాలు బయట అమ్ముకొని, నా ఇంట్ల నూనె ఎత్కపోయి పోసినవా? బానెట్ లేపేది నువ్వే గద, ఇంకెవడు లేపుతడు? థూ, నిన్ను నమ్మి గిన్నేండ్లు బండి ఇచ్చిన!"

సాయన్న చేతిలోంచి తాళం లాక్కుని, పైపులు కొత్తవి వేయమని మల్లికార్జున్‌కు చెప్పి ఆయన చాయ్ కొట్టు బెంచీ మీద అటు తిరిగి కూర్చున్నాడు. సాయన్నకు పిరికివాడన్న మాట పోయి దొంగ అన్న మాట వచ్చింది. ఇంకొకడైతే అరిచేవాడు, ఏడ్చేవాడు. అతను కూడా లోలోపల ఏడ్చాడు. అయినా ఆ ఏడుపులోనే బుర్ర ఇంకో ప్రశ్న వేసుకుంది. నేను పోయలేదు, మరి ఎవరు పోశారు? లైనర్లు వేయకముందే పోసి ఉండాలి. అంతకుముందు నేను బానెట్ ఎప్పుడు ఎత్తాను? దసరా నాడు. పూజకు. ఇంజనుకు కుంకుమ పెట్టడానికి.

గుర్తొచ్చింది. జగన్‌మోహన్ తల్లి నర్సమ్మ పళ్లెంలో పసుపు, కుంకుమ, దీపం, నూనె గిన్నె పట్టుకుని బండి ముందు నిలబడింది. చక్రాల కింద పెట్టడానికి నిమ్మకాయలు తెస్తానని సాయన్న లోపలికి పోయి వచ్చాడు. వచ్చేసరికి ఆ అవ్వ చేతులు కొంగుకు తుడుచుకుంటోంది.

అతను ఎవరికీ చెప్పకుండా కుంటుకుంటూ గంజ్ వెనకున్న జగన్‌మోహన్ ఇంటికి నడిచాడు. నర్సమ్మ వాకిట్లో కూర్చుని పెసళ్లు చెరుగుతోంది. సాయన్న అరుగు కింద నిలబడ్డాడు. ఎట్లా అడగాలి? యజమాని తల్లిని నువ్వే చేశావా అని అడిగే నోరు అతనికి లేదు.

"అవ్వా, దసరా నాడు బండికి పూజ జేసినవు గద. నూనె గిన్నె దెచ్చినవు. ఆ నూనె ఏం జేసినవు?"

నర్సమ్మ చాట పక్కన పెట్టింది. ముఖమంతా నవ్వు. "నువ్వు జూసినవా? నేను ఎవ్వరు జూడలేదనుకున్న. మా ఇంట్ల పండుగ నాడు ఏ గిన్నె గూడ ఎల్తిగ ఉండొద్దు బిడ్డా. నీళ్ల బిందె, ఉప్పు కుండ, దీపంత, అన్ని నిండుగ ఉండాలె. మా అత్త నేర్పింది. నీ బండి మూత కింద ఒక చిన్న డబ్బా ఉన్నది గద, మూత దీసి జూస్తే సగమే ఉన్నది. అయ్యో, పండుగ పూట ఎల్తిగ ఉన్నదని నిండ పోసిన. మంచి నూనె, మొన్ననే గానుగ ఆడించింది. నువ్వు సల్లంగ తిరిగి రావాలని మొక్కుకొని పోసిన బిడ్డా."

తన మీద ప్రేమతో పోసిన నూనె! "మంచిదే అవ్వా" అని సాయన్న వెనక్కి తిరిగాడు. నర్సమ్మ కళ్లు అతని కాలి కట్టు మీద పడ్డాయి. ఆమె ముసలిదే గానీ అమాయకురాలు కాదు.

"ఆగు. కాలుకు ఏమైంది? మొఖం గట్లెందుకున్నది? దాపకుంట చెప్పు, నా మీద ఒట్టు."

ఒట్టు పెట్టాక దాచలేకపోయాడు. అంతా చెప్పాడు. వింటున్నకొద్దీ ఆమె నవ్వు తగ్గుతూ వచ్చింది. చివరికి లేచి, చెప్పులు తొడుక్కుని, "నడు, నాకు జూపించు" అంది.

గంజ్ మధ్యలోంచి నర్సమ్మ ముందు, సాయన్న వెనక, షెడ్డుకు వచ్చారు. జగన్‌మోహన్ బెంచీ మీంచి లేచాడు. "అమ్మా, నువ్వెందుకచ్చినవు?"

ఆమె కొడుకు వైపు చూడలేదు. మల్లికార్జున్ దగ్గరికి పోయి పీట మీద కూర్చుంది. "ఉస్తాద్, ఆ నూనె నేను పోసిన. అది ఏం జేసిందో నాకు జూపించు బిడ్డా."

మల్లికార్జున్ కోసిన పైపు చూపించాడు. మాస్టర్ సిలిండర్‌లోంచి తీసిన చిన్న రబ్బరు కప్పును, దాని పక్కనే కొత్తదాన్ని అరచేతిలో పెట్టి చూపించాడు. కొత్తది బిగువుగా ఉంది. పాతది నానబెట్టిన శనగలా ఉబ్బడం మొదలుపెట్టింది. నర్సమ్మ దాన్ని వేళ్లతో నొక్కి చూసింది.

"ఇంక కొన్నొద్దులు గట్లనే తిప్పితే ఏమైతుండె?"

మల్లికార్జున్ వక్క మింగాడు. "పట్టుకున్న చక్రం కాలి కాలి, ఒకనాడు దిగుట్ల అసలు బ్రేకే పడకపోవు అవ్వా."

"అంటే గీ పిల్లగాడు సచ్చిపోయేటోడు" అంది నర్సమ్మ. తర్వాత ఆమె కొడుకు వైపు తిరిగింది.

"ఏమన్నవురా సాయన్నను? పిరికోడన్నవట. గంజ్ల అందరి ముంగట అన్నవట. ఇప్పుడు దొంగ అన్నవట. ఇగో, ఇక్కడున్న దొంగను. నన్ను అను."

"తప్పైంది అమ్మా."

"నాకెందుకు జెప్తవు? నన్నేమన్న అన్నవా? ఆయనకు జెప్పు."

జగన్‌మోహన్ జేబులోంచి తాళం తీశాడు. ఆయన గొంతు ఎప్పుడూ అంత చిన్నగా పలకడం ఎవరూ వినలేదు. "సాయన్నా, తొందరపడ్డ. మనసుల వెట్టుకోకు. రామ్‌కిషన్‌ను రావద్దని జెప్త."

సాయన్న తాళం అందుకోలేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"మీరన్నదానికి కాదు పటేలా. మీరు అంటరు, రేపటికి మర్శిపోతరు. నేను గూడ నమ్మిన. గిన్నేండ్లు నాకు అన్నం వెట్టిన కాలును నేనే అనుమానం జేసిన. స్టీరింగు ముంగట కూసున్నప్పుడల్ల దొంగను జూసినట్టు జూసిన దాన్ని. ముండ్లు గుచ్చిన. గది యాదికొస్తే నాకు ఏడుపు ఆగుతలేదు."

మల్లికార్జున్ చేతులు తుడుచుకుని, ఏమీ విననట్టు బండి కిందికి దూరాడు. సాయంత్రానికి కొత్త పైపులు, కొత్త కప్పులు వేసి, గొట్టాలన్నీ స్పిరిట్‌తో కడిగి, వెనక ముక్కుల తుప్పు కూడా వదిలించి, కొత్త నూనె పోశాడు. చక్రాన్ని ఒక్క వేలితో తోస్తే తిరిగింది. సాయన్న దాన్ని మళ్లీ మళ్లీ తోసి చూశాడు.

నర్సమ్మ అంతసేపూ పీట మీదే ఉంది. పని అయిందనగానే లేచి వెళ్లి బండి ముందు సీటులో ఎక్కి కూర్చుంది.

"రిక్షా పిలుస్త అమ్మా" అన్నాడు జగన్‌మోహన్.

"రిక్షా ఎందుకు? నేను చెడగొట్టిన బండి, మొదలు నేనే కూసుంట. సాయన్నా, తాళం దీస్కో. నన్ను ఇంటికాడ దింపు."

సాయన్న తాళం తీసుకున్నాడు. ఎక్కి కూర్చుని ఇంజను లేపాడు. జగన్‌మోహన్ తలుపు దగ్గరే నిలబడి ఉన్నాడు. ముందు చోటు తల్లిది అయింది. నడిచి పోవచ్చు, ఇల్లు పెద్ద దూరమేమీ కాదు. ఆయన కాసేపు అటూ ఇటూ చూశాడు. తర్వాత వెనక్కి వెళ్లి, పంచె ఎగ్గట్టి, చక్రం మీద కాలు పెట్టి తొట్టిలోకి ఎక్కాడు. హమాలీలు నిలబడే చోట నిలబడి కమ్మీ పట్టుకున్నాడు.

"పోనియ్యి సాయన్నా" అన్నాడు.

గంజ్ ముందు నుంచి బండి పోతుంటే బస్తాలు మోసేవాళ్లు ఆగి చూశారు. ఎవరో పేరు పెట్టి పిలిచారు కూడా. జగన్‌మోహన్ తల దించుకోలేదు, కూర్చోలేదు. ఇల్లు వచ్చేదాకా అట్లాగే నిలబడి ఉన్నాడు.